తెయొదొరాస్ బ్రజీస్ గురించి

అందరికీ నమస్కారం. సంగీతం అంటే ప్రాణం పెట్టే మన గ్రూప్‌లో ఈయన గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. లిథువేనియాకు చెందిన కేథలిక్ ఫాదర్, తెయొదొరాస్ బ్రజీస్ (1870-1930). ఆయన పుట్టేనాటికి ఆ దేశం రష్యా జార్ల పాలనలో ఉంది, 1904 దాకా లాటిన్ లిపిలో లిథువేనియన్ పుస్తకం అచ్చువేయడమే నేరం! అలాంటి రోజుల్లో పల్లె పాటే భాషకు ఎంత పెద్ద అండో ఊహించండి.

జర్మనీలోని రెగెన్స్‌బర్గ్‌లో చర్చి సంగీతం చదివారు. తర్వాత లిథువేనియాలోని కౌనాస్ నగరంలో సెమినరీలో (ఫాదర్లు కాబోయేవారు చదువుకునే విద్యాలయంలో) పాఠాలు చెబుతూ, మాస్‌లు (కేథలిక్ చర్చి ఆరాధనలో పాడే గీతాల వరుసలు) స్వరపరుస్తూ, మరోపక్క జానపద గీతాల బాణీలు ఏ స్వరక్రమాల్లో నడుస్తాయో ఓపికగా పరిశీలించి రాశారు. నాకు బాగా నచ్చింది ఇదే, పల్లె పాటను తక్కువగా చూడలేదు. వాటిని బృందగానానికి కూడా మలిచారు.