రేడాన్ పరీక్షకు సీసా పట్టడమే కీలకం

సంపాదకులకు నమస్కారం.

తాగునీటి పరీక్షలపై మీరు ప్రచురించిన వ్యాసంలో నీటిలో కరిగి ఉండే రేడియోధార్మిక వాయువైన రేడాన్ గురించి 'ప్రయోగశాలలో చూపించుకోవాలి' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. కొన్నేళ్లు నీటి నమూనాలతోనే పనిచేసినవాడిగా నా అనుభవం వేరు: ఈ పరీక్షలో పొరపాటు యంత్రం దగ్గర కంటే నీళ్లు పట్టే చోటే ఎక్కువగా జరుగుతుంది.

రేడాన్ వాయువు కాబట్టి, కుళాయి కింద సీసా పెట్టి జలజలా నింపితే కొలవవలసినదే గాలిలో కలిసిపోతుంది. కుళాయి కొసనున్న జాలీ తీసి, కొన్ని నిమిషాలు నీటిని వదిలేసి, గొట్టం కొసను గిన్నె అడుగున ఉంచి మెల్లగా పారనిస్తూ, చిన్న గాజు సీసాను ఆ నీటిలోనే ముంచి, లోపలే మూత బిగించాలి. తలకిందులు చేసినప్పుడు ఆవగింజంత బుడగ పైకి తేలినా ఆ నీళ్లు పారబోసి మళ్లీ పట్టవలసిందే. మామూలు ప్లాస్టిక్ సీసా గోడల గుండా కూడా రేడాన్ జారిపోతుంది కనుక అది పనికిరాదు.

ఇక్కడ కొలిచే రేడాన్-222 అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 3.82 రోజులు. నాలుగు రోజులు ఆలస్యమైతే సగం కూడా మిగలదు. తగ్గినదాన్ని లెక్కకట్టి సరిచేస్తారన్నది నిజమే, కానీ చీటీ మీద తేదీ ఒక్కరోజు తప్పుపడితే ఫలితం దాదాపు ఆరో వంతు మారుతుంది. 'సోమవారం పట్టినవి' అని మాత్రమే రాసి పంపే సీసాలు నేను చాలానే చూశాను.

సాధారణంగా వాడే లిక్విడ్ సింటిలేషన్ పద్ధతిలో 10 మిల్లీలీటర్ల నీటిని సిరంజితో తీసి, రేడియోధార్మిక కణాలు తగిలితే మెరిసే నూనెలాంటి సింటిలేషన్ ద్రవం అడుగున వదిలి, గట్టిగా కుదిపి, కనీసం మూడు గంటలు ఆగాకే మెరుపులను లెక్కిస్తారు. రేడాన్ నుంచి పుట్టే స్వల్పాయువు మూలకాలు దానితో సమస్థితికి, అంటే పుట్టేదీ తరిగేదీ సమానమయ్యే స్థితికి, రావడానికే ఆ నిరీక్షణ. నీటిలోంచి వాయువును వెళ్లగొట్టి, లోపల జింక్ సల్ఫైడ్ పూసిన లూకాస్ సెల్ అనే చిన్న పాత్రలో మెరుపులను లెక్కించే పాత పద్ధతీ నమ్మదగినదే. నీటిని ఆవిరిచేసి మిగిలిన పొడి నుంచి వెలువడే ఆల్ఫా కణాలన్నిటినీ కలిపి కొలిచే 'మొత్తం ఆల్ఫా' పరీక్ష మాత్రం రేడాన్‌కు చెల్లదు, ఎందుకంటే ఆవిరితోపాటే అదీ పోతుంది. ఈ పరీక్షనూ రేడాన్ పరీక్షనూ ఒకటిగా భావించి ధైర్యంగా ఉండేవారున్నారు.

ఫలితాన్ని ఏ కొలమానంలో ఇచ్చారో కూడా చూడాలి. తాగునీటిలో రేడాన్‌కు యూరోపియన్ యూనియన్ 2013 నాటి ఆదేశంలో ప్రస్తావించిన 100 అనే అంకె, లీటరుకు ఎన్ని బెకెరల్‌లు (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) అన్న లెక్కలో ఉంది. అమెరికా 1999లో ప్రతిపాదించిన 300 అనే అంకె మాత్రం, లీటరుకు ఎన్ని పికోక్యూరీలు (అదే కొలతకు మరో యూనిట్) అన్న లెక్కలో ఉంది, అంటే లీటరుకు సుమారు 11 బెకెరల్‌లు మాత్రమే. కనుక ప్రయోగశాలలు తమ నివేదికలో కొలమానంతోపాటు నమూనా పట్టిన గంట, లెక్కించిన గంట, సీసాలో బుడగ ఉన్నదీ లేనిదీ తప్పక రాసేలా మీ పత్రిక అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు