తమ్ముడికి, ఇసుక పీతల గురించి

శాన్ ఫ్రాన్సిస్కో,
అక్టోబరు 12

తమ్మీ,

మన చెరువు మత్తడి దుంకిందని బాపు ఫోన్‌లో చెప్తుంటే ఆ చప్పుడు నా చెవుల్లో పడ్డట్టే అయింది. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? మాత్రలు మధ్యలో మానేసిందేమో ఒకసారి అడుగు.

"మా బడి పిల్లలకు సైన్సంటే మార్కులే అక్కా, ఇంకేం పట్టదు" అని పోయినవారం బాధపడ్డావు. అప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. మొన్న శనివారం నీ మేనకోడలితో సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చినప్పటి నుంచి నీకు రాయాలనే ఉంది.

ఇక్కడ కాలిఫోర్నియా తీరంలో లింపెట్స్ అని ఒక కార్యక్రమం ఉంది. అలలు వచ్చిపోయే తడి ఇసుకలో ఎన్ని పీతలున్నాయో బడిపిల్లలే లెక్కపెడతారు. వాటిని మోల్ క్రాబ్ అంటారు. బొటనవేలి కొసంత ఉంటాయి, కరవవు. అల వెనక్కి పోయేటప్పుడు ఈకల్లాంటి మీసాలు బయటికి చాపి, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తింటాయి. వీటిని తిని పక్షులు, చేపలు బతుకుతాయి. సముద్రంలో విషపు నాచు పెరిగితే ఆ విషం వీటి ఒంట్లో చేరి, అక్కడి నుంచి పక్షులకు పోతుంది. వీటి లెక్క మీద అంత శ్రద్ధ అందుకే.

తాడు పరిచి, కొంత కొంత దూరంలో గొట్టం ఇసుకలోకి దించి, వచ్చిన ఇసుకను జల్లెడ సంచిలో పోసి నీళ్లలో జాడిస్తారు. మిగిలిన పీతల్ని ఒక్కొక్కటిగా కొలుస్తారు. మన పాప అరచేతిలో ఒక ఆడపీత వెనక్కి వెనక్కి తవ్వుతూ వేళ్ల సందులో దూరబోయింది. తిప్పి చూస్తే పొట్ట కింద నారింజ రంగు గుడ్లు, గసగసాలు అంటించినట్టు. పాప ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాతి సంచిలో ఏమీ లేదు. "ఖాళీ, ఇది రాయొద్దు కదా?" అనడిగింది. దగ్గరుండి చూపిస్తున్నామె "సున్నా రాయి. ఇక్కడ వెతికారని, ఏమీ దొరకలేదని తర్వాత చూసేవాళ్లకు తెలియాలి" అంది. పాప పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా పెట్టింది. ఆ కాగితంలోని అంకెలన్నీ కంప్యూటర్‌కెక్కుతాయి, శాస్త్రవేత్తలూ వాడుకుంటారు.

నాకప్పుడు ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ యాదికొచ్చాయి. బ్యూరెట్ ముట్టుకోకుండానే సీనియర్ల రికార్డు చూసి రీడింగులు ఎక్కించాం. అట్లాగే రాయమన్నారు, రాశాం, మార్కులొచ్చాయి. కళ్లతో చూసింది చూసినట్టు రాయమని ఒక్కరైనా చెప్పి ఉంటే నా చదువే వేరుగా ఉండేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది తమ్మీ. నీ పిల్లలకు ఆ బాధ ఉండొద్దు.

"మనకు సముద్రమెక్కడిది" అంటావేమో. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు రాత్రిళ్లు ఇసుకలో మైళ్లకు మైళ్లు నడిచి, ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు ఏరి, పొదిగే చోట పెట్టి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. ఎన్ని గూళ్లు, ఎన్ని గుడ్లు అని లెక్క రాస్తారు. మనకు తాబేళ్లు లేకపోయినా నీళ్లున్నాయి. మన నల్గొండ జిల్లా వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుందా, ఆ నీళ్లే పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో పడతాయి. హైదరాబాద్ మురికి మూసీలో ఎంత దిగువకు వస్తుందో, వానాకాలంలో ఎంత, ఎండాకాలంలో ఎంత, మన పిల్లలే చూసి రాస్తే అది సముద్రం పని కాదా?

వాడపల్లి దాకా తీసుకుపోవడం కష్టమైతే చెరువుతో మొదలుపెట్టు. ఒక స్టీలు పళ్లెంకు నలుపు తెలుపు రంగులు పావు పావుగా వేసి, తాడుకు జానెడు జానెడు దూరంలో ముడులేసి, తూము మీద నుంచి నీళ్లలోకి దించండి. పళ్లెం కనిపించకుండా పోయిన చోట ముడులు లెక్కపెడితే నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలుస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త సెక్కి 1865లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ సముద్రాల్లో వాడుతున్నారు. తూము మీదికి ఇద్దరిద్దరినే పంపు, నువ్వు పక్కనే ఉండు.

ఇంకోటి, పాత బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడటం. ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌లో రంగు గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది, పిల్లలు చేయగలరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి మన పెద్దబాపు నడుం ఎట్లా వంగిపోయిందో నీకు తెలుసు. ఆయన తాగిన బావిలో ఎంతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని వేరే దేశాల్లో కూడా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. మీ తొమ్మిదో తరగతిలో ఎంతమందికి తెలుసో అడిగి చూడు.

నీకు సిలబస్ టెన్షన్ ఉంటుంది, కాదనను. నెలకు ఒక్క శనివారం చాలు. కానీ నెల తప్పొద్దు, పదో తరగతి వాళ్లు వెళ్లిపోతే కింది వాళ్లు అదే నోట్‌బుక్కులో అక్కడి నుంచే రాయాలి.

డిసెంబరులో వస్తున్నాను. జల్లెడ సంచులు రెండు, ఫ్లోరైడ్ కిట్ నేను తెస్తాను. పళ్లెం అమ్మను అడుగు, అటక మీద సొట్ట పళ్లెం ఉండాలి.

పైలం.

నీ అక్క