మంత్రి గారూ, మా అక్కకు ఇంకా ఎనిమిది డోసులు కావాలి

అయ్యా, నమస్కారం.

మా అక్క రొమ్ము క్యాన్సర్‌కి డాక్టరు రాసిన ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్ అనే మందును ప్రభుత్వ ఆరోగ్య పథకం ప్యాకేజీలో చేర్చమని అడుగుతున్న నాలుగో అర్జీ ఇది. ముందు ఇచ్చిన మూడింటికీ రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కదానికే వచ్చింది. అదీ ఒక్క లైను. సదరు మందు ప్యాకేజీలో లేదు, జాబితాలో ఉన్న ట్రాస్టుజుమాబ్ వాడుకోవచ్చు అని. మా అక్క ఫైలు తెరిచి చూసినవాళ్లెవరూ ఆ లైను రాయరండీ. ఆ ట్రాస్టుజుమాబ్‌ను ఆమెకు ఆపరేషన్‌కి ముందే, కీమోతో కలిపి, మీ కార్డు మీదే ఎక్కించారు. అయినా రొమ్ము తీసేశాక పరీక్షకు పంపిన ముక్కలో క్యాన్సర్ కణాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ రిపోర్టు ప్రతి అర్జీకీ జత చేశాను.

అలా మిగిలిపోయినవాళ్లకు ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్ ఇస్తారు. పేరు సగం కలిసింది కదా అని రెండూ ఒకటే అనుకుంటే ఎలా? నేను డాక్టర్ని కాదు, టంగుటూరు దగ్గర బడిలో సైన్స్ చెప్పే మాస్టారిని, అయినా అర్థమయ్యేదాకా చదివాను. మొదటి సగం యాంటీబాడీ, హెర్2 అనే ప్రొటీను ఎక్కువగా ఉన్న క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకుంటుంది. ఎమ్‌టాన్సిన్ అనేది దానికి కట్టిన విషం. ఇథియోపియాలో దొరికే ఒక పొద నుంచి 1972లో మేటాన్సిన్ అని తీశారు, దాన్ని విడిగా ఎక్కిస్తే రోగులు తట్టుకోలేకపోయారు, పక్కన పెట్టేశారు. దాని నుంచి తయారుచేసిన విషాన్నే యాంటీబాడీకి కట్టి పంపితే, క్యాన్సర్ కణం తనే మింగుతుంది, లోపలికి వెళ్లాక విషం విడివడి కణం చీలకుండా ఆపేస్తుంది. మన గట్ల మీద పెరిగే ఆముదం గింజల్లోని రైసిన్‌ని కూడా ఇలాగే కట్టి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. డిఫ్తీరియా విషంతో చేసిన మందుకు అమెరికాలో 1999లోనే అనుమతి వచ్చింది, అక్క వాడే మందుకు 2013లో. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన వింత మందేమీ కాదు.

ఇంకో మాట. మీ ఆఫీసు వాడమన్న మందునూ డాక్టరు రాసిన మందునూ పక్కపక్కన పెట్టి, సరిగ్గా మా అక్కలాంటి 1,486 మంది మీద చూశారు. కేథరిన్ అని ఆ ట్రయల్ పేరు. ఎమ్‌టాన్సిన్ తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే ముప్పు, ప్రాణం పోయే ముప్పు కలిపి సగానికి తగ్గిందని 2018లో తేలింది. ఇది రెండో అర్జీలో రాశాను, మూడో అర్జీలో అండర్‌లైన్ చేసి మరీ రాశాను.

మొత్తం పద్నాలుగు డోసులు, మూడు వారాలకొకటి. ఆరు అయ్యాయి. కిలోకి 3.6 మిల్లీగ్రాముల లెక్కన మనిషి బరువును బట్టి ఇస్తారు. అక్క 54 కిలోలుంది, అంటే 100 మిల్లీగ్రాముల వయల్స్ రెండు. ఇంకో రెండు కిలోలు పెరిగితే మూడోది కొనాల్సొస్తుందేమోనని ఆమెకు ఒకటే టెన్షన్. డోసు కోసం గుంటూరు బస్సెక్కే ముందు రోజు రాత్రి అన్నం మానేస్తుంది. బరువు మిషన్ ఎక్కేటప్పుడు చెప్పులు విప్పి, గాజులు తీసి నా చేతికిస్తుంది. "అంత అక్కర్లేదమ్మా, కొంచెం అటూ ఇటూ అయినా డాక్టరు గారు చూసుకుంటారు" అని నర్సమ్మ చెప్పినా వినదు. క్యాన్సర్ ఉన్న మనిషి డబ్బుకి భయపడి కడుపు మాడ్చుకుంటోందండీ. ఆ గాజులు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకెలా ఉంటుందో మీకు రాసి చెప్పలేను.

బావ పొగాకు కాల్చే బ్యారన్ కౌలుకిచ్చేశాడు. రెండు బర్రెలు పోయాయి. ఆరో డోసు నా పీఎఫ్ లోన్‌తో అయింది. 2021 నుంచి ఈ మందును జైడస్ కంపెనీ వాళ్లు మన దేశంలోనే చేస్తున్నారు, ఒరిజినల్ కన్నా చాలా తక్కువకి. దీని తోబుట్టువులాంటి ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ మీద కేంద్రం 2024 జులై బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. సుంకం తీసేయదగ్గ మందులని ఢిల్లీకి అనిపించినప్పుడు, మన ప్యాకేజీలో ఒక లైను చేర్చడానికి అడ్డేమిటి? ఆపరేషన్ మీరే చేయించారు, కీమో మీరే ఇప్పించారు, అందుకు మా ఇంటిల్లిపాదీ మీకు దండం పెట్టాం. చివరి మెట్టు దగ్గర చెయ్యి వదిలేస్తే ముందు పెట్టిన ఖర్చంతా ఏమైపోవాలి?

ఈ మందును ప్యాకేజీలో చేర్చండి. అది ఆలస్యమయ్యేటట్టయితే, ముందు అక్క ఫైలు ఒక్కటైనా క్యాన్సర్ డాక్టరు చేత చదివించండి. గుమాస్తా చేత కాదు, డాక్టరు చేత. దయచేసి చదివించండి.

ఏడో డోసు వచ్చే గురువారం. బుధవారం రాత్రి ఆమెకు అన్నం తినమని చెప్పాలనుంది.

ఇట్లు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక తమ్ముడు