రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ: టోపీ పెట్టడమే కదా అంటున్నారు!

గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి,

నమస్కారం. ఇదే విషయం మీద నాలుగు వినతిపత్రాలు ఇచ్చాం. ఇన్‌వర్డ్ నంబర్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబులు మాత్రం మీ దగ్గరే ఉండిపోయాయి. ఫైలు మీకు తెలిసిందే కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టం. మెదడు చర్యలు, దృశ్య స్పృహ (కంటి ముందున్నది 'కనిపించింది' అని మనకు తెలియడం) ప్రాజెక్టులో రిసెర్చ్ అసోసియేట్ పోస్టు ఖాళీగా ఉంది. జీతం ప్రాజెక్టు నిధుల్లోంచే వస్తుంది, విశ్వవిద్యాలయానికి పైసా ఖర్చు లేదు. కావలసింది నోటిఫికేషన్ మీద ఒక్క సంతకం. దానికి బదులు మీ కార్యాలయం నుంచి నోటిమాటగా ఒక సలహా వచ్చింది: "ఔట్‌సోర్సింగ్‌లో డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని ఇస్తాం, సర్దుకోండి. టోపీ పెట్టడమే కదా!"

అవునండీ, మెదడు విద్యుత్ సంకేతాలు పట్టే ఎలక్ట్రోడ్ల (చిన్న లోహపు బిళ్లల) టోపీ పెట్టడమే. తెలుగులో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఆపరేటర్‌తో సర్దుకుంటే నిధులిచ్చిన సంస్థకు మేం పెట్టేది ఆ రెండో రకం టోపీ.

మొదటి రకం టోపీ సంగతి చెబుతాం, వినండి. ముందు తల చుట్టుకొలత తీసి 54, 56, 58 సెంటీమీటర్ల టోపీల్లో సరిపోయేది ఎంచాలి. ముక్కు మొదట్లోని గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పెట్టి, సరిగ్గా సగంలో నడినెత్తి ఎలక్ట్రోడ్ కూర్చోబెట్టాలి. టోపీ రెండు సెంటీమీటర్లు కిందికి జారిందా, చూపు సంకేతం పట్టాల్సిన వెనక వరుస మెడ కండరాల దగ్గరికి దిగుతుంది. అప్పుడు రికార్డయ్యేది చూపు కాదు, మెడ బిగుతు. ఆ తర్వాత 64 ఎలక్ట్రోడ్ల కింద జుట్టు పాయలుగా తప్పించి, మొద్దు మొన సూదితో జెల్ ఎక్కించి, ఒక్కోచోట నిరోధం 5 కిలో ఓమ్‌ల లోపుకు దించాలి. జెల్ తక్కువైతే 50 హెర్ట్జ్ కరెంటు రొద. ఎక్కువైతే పక్క ఎలక్ట్రోడ్ దాకా పాకి రెండూ ఒకే సంకేతం చూపిస్తాయి. ప్రయోగానికి వచ్చినవాళ్లు కొబ్బరినూనె రాసుకుని ఉంటే మళ్లీ తలస్నానం చేసి రమ్మనాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ ఆగితే చెమటకు రికార్డయ్యే సంకేతపు గీత మొత్తం మెల్లగా ఊగిపోతుంది. (కిందటి కొనుగోలులో తక్కువ ధర కోట్ చేసిన పుణ్యాత్ముడు స్కానింగ్ జెల్ పంపాడు. అది శబ్ద తరంగాలకు చేసింది. మాకు కావలసిన ఉప్పు అందులో ఉండదు. ఆ డబ్బాలు ఇప్పటికీ అలమారలోనే ఉన్నాయి.) పని అయ్యాక టోపీని గోరువెచ్చని నీళ్లలో మెత్తని బ్రష్‌తో కడిగి నీడన ఆరబెట్టాలి. గీరితే ఎలక్ట్రోడ్ మీది సిల్వర్ క్లోరైడ్ పూత పోతుంది, అక్కడి నుంచి ఆ ఎలక్ట్రోడ్ చెప్పేదంతా అబద్ధం.

ఇదంతా చేతి పని. నేర్పితే ఎవరికైనా వస్తుందని మీరనవచ్చు. సరే, ఒప్పుకున్నాం. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

మేం వెతికేది ఒక్కటే. తెర మీద అదే బొమ్మ, అంతే సేపు మెరిసినా ఒకసారి కనిపించిందంటారు, ఒకసారి లేదంటారు. ఆ రెంటి మధ్య మెదడులో వచ్చే తేడా, బొమ్మ పడ్డాక 200 మిల్లీసెకన్ల ప్రాంతంలో, తల వెనక భాగంలో కొద్ది మైక్రోవోల్టులు ఉంటుంది. ఒక్క రెప్పపాటు వంద మైక్రోవోల్టులు కూడా దాటవచ్చు. కాబట్టి ఒక్కొక్కరితో వందలసార్లు చూపించి సగటు తీయాలి. సుమారు సగం సార్లే కనిపించేలా బొమ్మ కాంతిని ఒక్కొక్కరికీ విడిగా సరిచూడాలి. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది, కాబట్టి దాని మీద 25 మిల్లీసెకన్లు అడిగితే రాదు. 16.7 వస్తుంది, లేదా 33.3. ఈ తేడా తెలియనివారు ప్రోగ్రాంలో 25 అని టైపు చేసి, వచ్చిందనుకుంటారు. తెర మూల ఫోటోడయోడ్ (వెలుగును పట్టే చిన్న పరికరం) అంటించి కొలిస్తేనే నిజం బయటపడుతుంది.

అన్నిటికన్నా కష్టం, అడగడం. 1974లో బ్రిటిష్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లారెన్స్ వైస్‌క్రాంట్జ్ బృందం వివరించిన డి.బి. అనే రోగి, మెదడు ఆపరేషన్ తర్వాత చూపు పోయిన వైపు ఏమీ కనిపించడం లేదంటూనే వెలుగు ఎక్కడుందో చాలాసార్లు సరిగ్గా చూపించాడు. అందుకే 'ఎక్కడుంది' అన్న ప్రశ్న వేరు, 'ఎంత కనిపించింది' అన్న ప్రశ్న వేరు. రెండోదానికి నాలుగు మెట్ల కొలమానం వాడతాం: ఏమీ కనిపించలేదు, ఏదో మెరిసినట్టుంది, దాదాపు స్పష్టంగా కనిపించింది, పూర్తి స్పష్టంగా కనిపించింది. మనవాళ్లు "కనిపించినట్టు అనిపించింది" అంటారు. అది రెండో మెట్టా, మూడోదా? అసలు ప్రయోగం మొదలుపెట్టే ముందే నమూనా బొమ్మలతో, తెలుగులో అయితే తెలుగులో, దక్కనీ ఉర్దూలో అయితే ఆ భాషలో తేల్చుకోవాలి. మీరిచ్చే ఆపరేటర్ "సరిగ్గా చూసి చెప్పు బాబూ, కనిపించిందా లేదా?" అని ఒక్క మాట గదిమాడనుకోండి, ప్రయోగానికి కూర్చున్న కుర్రాడు భయానికి అన్నిటికీ కనిపించిందనే నొక్కుతాడు. బొమ్మే లేని ఖాళీ తెరకు కూడా. అందుకే మధ్యమధ్య ఖాళీ తెరలు కలుపుతాం. వాటికి కూడా కనిపించిందనేవాళ్లు ఎక్కువైతే ఆ రోజు డేటా బుట్టదాఖలే.

ఇంత పని తెలిసిన పీహెచ్‌డీ మనిషికి 2023 జనవరి రేటు ప్రకారం నెలకు 58,000, ఆపైన ఇంటి అద్దె భత్యం. అది కూడా ఆరు నెలలకోసారి పొడిగింపు, పొడిగింపు ఫైలు కదిలేదాకా జీతం లేదు. చేయి తిరగడానికే మూడు నెలలు పడుతుంది. నాలుగో నెలలో ఆ మనిషి వేరే ఉద్యోగం వెతుక్కుంటే తప్పు ఎవరిది? పోస్టు నింపనివ్వరు, మార్చి 31 రాగానే జీతం పద్దు ఖర్చు కాలేదేమని మళ్లీ మమ్మల్నే సంజాయిషీ అడుగుతారు. నిధులిచ్చిన సంస్థకు పంపాల్సిన వినియోగ పత్రంలో ఏం రాయమంటారో అది కూడా మీరే సెలవివ్వండి.

అయ్యా, సంతకం చేయండి. చేయలేకపోతే ఎందుకు చేయలేరో ఫైలు మీద ఒక్క వాక్యం రాయండి. అదీ కుదరకపోతే ఒక ఉదయం మా ల్యాబ్‌కు దయచేయండి. తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రండి. రెండున్నర గంటలు ఖాళీ ఉంచుకోండి. ఆ ఆపరేటర్‌ని మాత్రం మీరే వెంట తెచ్చుకోండి.

ఇట్లు,
మీ విశ్వవిద్యాలయ దృశ్య స్పృహ ల్యాబ్ పరిశోధకులు,
హైదరాబాద్