రెండోసారి మెట్లు దిగే ముందు

సంపాదకులకు నమస్కారం.

లాక్‌డౌన్ రోజుల్లో వ్యాయామం కోసం బయటికి వెళ్ళడానికి పెట్టిన పరిమితుల్ని కుటుంబాలు కాస్త అటూ ఇటూ చేసుకోవడం తప్పా కాదా అని మీ పత్రికలో పాఠకులు రాస్తున్న ఉత్తరాలు వరసగా చదువుతున్నాను. సగం మంది రూలంటే రూలే అంటున్నారు. మిగతా సగం, పిల్లలున్నవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ అంటున్నారు. నేను పిల్లలున్నదాన్నే, ఆ రూలు తప్పినదాన్నే, అందుకే ఈ ఉత్తరం.

2020లో మేం ఉన్నచోట మనిషికి రోజుకి ఒక్కసారి, నడకకో పరుగుకో సైకిలు తొక్కడానికో, ఇంట్లోవాళ్ళతో కలిసి బయటికి వెళ్ళొచ్చు, అంతే. మాది రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. బాల్కనీ లేదు, లిఫ్టు లేదు, అన్ని ఇళ్ళవాళ్ళకీ ఒకటే మెట్ల దారి. ఒక గదిలో మా ఆయన ఆఫీసు పని, ఇంకో గదిలో అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులు, ఈ రెండింటి మధ్య ఎనిమిదేళ్ళ మా బాబు. పొద్దున్న అరగంట తిప్పి తీసుకొస్తే పదింటిదాకా బాగానే ఉండేవాడు, ఆ తర్వాత గోడలు పట్టుకుని తిరగడం, తలుపు తన్నడం, ఏమీ లేకుండా ఏడవడం, రాత్రి పన్నెండైనా నిద్రపోకపోవడం. ఐదు నుంచి పదిహేడేళ్ళ వయసు పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. మా వాడికి అందులో సగం కూడా దొరకడం లేదు, దొరికిన ఆ అరగంట కూడా నా చెయ్యి పట్టుకుని నడవడమే.

రెండో వారంలో ఒక సాయంత్రం నాలుగింటికి వాణ్ణి రెండోసారి కిందికి తీసుకెళ్ళాను. ఇరవై నిమిషాలు పరిగెత్తాడు. ఆ రాత్రి తొమ్మిదింటికల్లా నిద్రపోయాడు. అది చూశాక నాకు ఏ రూలూ గుర్తు రాలేదు, ఏ తల్లికీ రాదనుకుంటాను.

కానీ ఆ తర్వాత జరిగింది చెప్పకపోతే ఈ ఉత్తరం రాయడం దండగ. మొదట వాడి కోసం వెళ్ళాం. నాలుగు రోజులయ్యాక, ఎలాగూ వెళ్తున్నాం కదా అని అమ్మాయి కూడా వచ్చింది. ఇంకో రెండు రోజులకి, తలనొప్పిగా ఉందని, వాడు ఇంట్లో హాయిగా బొమ్మలేసుకుంటున్నా వదిలేసి నేను ఒక్కదాన్నే రెండోసారి వెళ్ళొచ్చాను. అదే వారంలో అమ్మాయి తన స్నేహితురాల్ని దూరం నుంచే చూస్తానంది, ఆ దూరం రెండు నిమిషాల్లో పోయింది, ఇద్దరూ ఒకే ఫోన్ మీద తలలు వంచి నిలబడ్డారు. ఇందులో ఏదీ మేం కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదు. పిల్లవాడి అవసరం కోసం తెరిచిన తలుపులోంచి మిగతా అందరి సరదాలూ ఒక్కొక్కటే బయటికి నడిచాయి.

ఇంకో సంగతి. ఎక్కడ పోలీసులు ఆపుతారోనన్న టెన్షన్‌తో మెట్ల మీదే బాబుకి చెప్పాను, ఎవరైనా అడిగితే ఇవాళ ఇదే మొదటిసారి అని చెప్పు నాన్నా అని. "మరి పొద్దున వెళ్ళాం కదమ్మా?" అన్నాడు. అది చెప్పక్కర్లేదన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు, తలూపాడు. వాణ్ణి రెండోసారి బయటికి తీసుకెళ్ళినందుకు నాకు ఇప్పటికీ పెద్దగా పశ్చాత్తాపం లేదు. ఆ మాట చెప్పించినందుకు మాత్రం ఉంది.

మొదటి అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. కేన్సర్‌కి మందులు వాడుతున్నారని, మామూలు జలుబు సోకినా ప్రమాదమని మాకు తెలుసు, తెలిసినా ఆవిడకీ మా సాయంత్రపు నడకకీ ఏదో సంబంధం ఉందని తట్టలేదు. ఒకరోజు ఫోన్ చేశారు. కోపంగా కాదు. "అమ్మా, నేను తలుపు వెనక నిలబడి మెట్ల మీద చప్పుడు వింటూ ఉంటాను. చప్పుడు ఆగాక ఓ అరగంట చూసుకుని బయల్దేరతాను. పొద్దున్న అందరూ తిరుగుతారు కాబట్టి నేను సాయంత్రం నాలుగు పెట్టుకున్నాను. ఈమధ్య మీరు కూడా ఆ టైముకే దిగుతున్నారు, నాకు ఈ వారం నాలుగు రోజులు కుదర్లేదు" అన్నారు. మరి ఇంకో టైములో వెళ్ళొచ్చు కదండీ అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. డాక్టరు ఆవిణ్ణి రోజూ నడవమన్నారట. మా వాడికి రెండోసారి దొరికిన రోజున ఆవిడకి మొదటిసారి కూడా దొరకలేదు.

ఈ విషయం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒక్కదాంట్లో కూడా కనపడలేదు. "ఆరుబయట గాలిలో వైరస్ అంతగా అంటుకోదు, మైదానంలో ఒంటరిగా తిరిగితే ఎవరికి నష్టం?" అని ఒకాయన రాశారు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. బయట గాలికి చెదిరిపోతుంది, ఎదురుపడి దాటిపోయే రెండు క్షణాల్లో ప్రమాదం చాలా తక్కువ. కానీ మైదానం దాకా ఎగిరి వెళ్ళం కదా. కిటికీలు లేని మెట్ల దారి, లిఫ్టు, ఇద్దరు పక్కపక్కన పట్టని గేటు, వీటన్నిటినీ దాటాకే మైదానం. మూసి ఉన్న చోట మనం వదిలిన గాలిలోని సన్నని తుంపరలు మనం వెళ్ళిపోయాక కూడా కాసేపు అక్కడే ఉంటాయి. ఆవిడ అరగంట ఆగేది అందుకే. సొంత వాకిలి ఉన్న ఇంటివాళ్ళు రెండోసారి బయటికి వెళ్ళడం, మెట్లు పంచుకునే మాలాంటివాళ్ళు వెళ్ళడం ఒకటి కాదు. విచిత్రం ఏమిటంటే రెండోసారి వెళ్ళాల్సిన అవసరం ఎక్కువగా ఉండేది మాలాంటి ఇరుకు ఇళ్ళవాళ్ళకే.

అలాగని నేను రూలంటే రూలే అనేవాళ్ళ పక్షం కూడా కాదు. ఆ గీతలు దేవుడు గీసినవి కావు. ఇంగ్లండ్‌లో 2020 మార్చి 23న ప్రధాని టీవీలో వచ్చి వ్యాయామానికి రోజుకి ఒక్కసారే అన్నారు, మే 13 నుంచి ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చన్నారు. ఫ్రాన్స్‌లో గంట సేపు, ఇంటి నుంచి కిలోమీటరు లోపు, అదీ బయల్దేరిన టైము రాసిన కాగితం జేబులో పెట్టుకుని. పారిస్‌లో ఏప్రిల్ 8 నుంచి పొద్దున్న 10 నుంచి సాయంత్రం 7 దాకా పరుగే వద్దన్నారు. మెల్‌బోర్న్‌లో ఆ ఆగస్టులో రోజుకి ఒక గంట, 5 కిలోమీటర్లు. మన దేశంలో మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో నడకకి మినహాయింపే లేదు, పార్కులు మూసేశారు, మే నెల ఆదేశాల్లో 65 ఏళ్ళు దాటినవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలు అత్యవసరమైతే తప్ప ఇల్లు కదలొద్దన్నారు. వైరస్ అన్నిచోట్లా ఒకటే, కిలోమీటర్లు మాత్రం చోటుకో రకం. అందరూ పాటించగలిగేలా, పోలీసు ఒక్క ప్రశ్నలో తేల్చుకునేలా ఉండాలని ఏదో ఒక అంకె పెట్టుకున్నారు, అందులో తప్పేం లేదు. అంకె తప్పగానే జబ్బు వస్తుందని కాదు, అంకె ఉంటేనే ఉన్న కాస్త చోటూ అందరికీ వంతులవారీగా అందుతుందని.

కొన్ని గీతలు మాత్రం అన్యాయంగా గీశారని ఇప్పటికీ అనుకుంటాను. స్పెయిన్‌లో మార్చి 14 నుంచి ఏప్రిల్ 26 దాకా పిల్లలు ఊరికే నడవడానికి కూడా బయటికి రాకూడదు. అదే సమయంలో కుక్కని తిప్పడానికి మాత్రం పెద్దవాళ్ళు వెళ్ళొచ్చు. ఆరు వారాలు! ఆ తర్వాత 14 ఏళ్ళలోపు వాళ్ళకి ఒక పెద్దమనిషితో రోజుకి గంట, కిలోమీటరు దూరం ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో ఐదు వారాలు పరుగూ లేదు నడకా లేదు, మే 1 నుంచి పొద్దున్న 6 నుంచి 9 వరకు మాత్రమే వదిలారు. ఇన్నాళ్ళూ బిగించి మూడు గంటలే తెరిస్తే జనం అంతా ఆ మూడు గంటల్లోనే రోడ్ల మీద ఉంటారు, ఇంకెక్కడుంటారు? దూరంగా ఉండండని చెప్పడానికి పెట్టిన రూలే అందర్నీ ఒకచోటికి చేర్చింది. అలాంటి చోట ఉండి, నిద్రలేని పిల్లవాణ్ణి తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు కిందికి తీసుకెళ్ళిన తల్లిని నేను ఒక్క మాట అనలేను.

నాకు సరిగ్గా అనిపించిన పని మాత్రం ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోనే ఆ ఏప్రిల్ 8న ఒక మార్పు చేశారు. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉన్నవాళ్ళు అవసరాన్ని బట్టి రోజుకి ఒకటి కంటే ఎక్కువసార్లు బయటికి వెళ్ళొచ్చని, దూరం కూడా వెళ్ళొచ్చని మార్గదర్శకాల్లో రాశారు. దానంతట అదే రాలేదు, కొన్ని కుటుంబాలు ఈ రూలు మాకు కుదరదని లాయర్ల ద్వారా గట్టిగా అడిగితే వచ్చింది. ఆ కుటుంబాలు కూడా నాలాగే మెట్ల మీద పిల్లలకి గుసగుసగా అబద్ధాలు నేర్పి ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు కాబట్టి వాళ్ళకే కాదు, అడగడం చేతకాని ఎన్నో ఇళ్ళకి దారి దొరికింది.

పెద్దావిడ ఫోన్ తర్వాత మేం చేసింది చిన్న పని. కింద గేటు దగ్గర గోడకి ఒక కాగితం అంటించాం. ఏ ఇంటివాళ్ళు ఏ టైముకి దిగుతారో రాసుకోమన్నాం. సాయంత్రం 4 నుంచి 5 ఆవిడకి వదిలేశాం, ఆ గంటలో మెట్ల మీద ఎవరూ ఉండకూడదు. మేం పొద్దున్న 6కి మార్చుకున్నాం, అరగంట నడక కాస్తా గంటంపావు అయింది, మా చోట ఎంతసేపన్న పరిమితి లేదు కాబట్టి అందులో తప్పేమీ లేదు. చెయ్యి వదిలేసి పరిగెత్తనిచ్చాను, ఆ టైముకి రోడ్డు మీద పిట్ట కూడా ఉండదు. మా ఆయన మధ్యాహ్నం మీటింగుల మధ్యలో వాడితో మంచం పరుపు కింద వేసి కుస్తీ పట్టేవారు. అన్ని రోజులూ సరిపోలేదు. మరీ ఉండలేకపోయిన రోజున కాగితం మీద "మూడో అంతస్తు, బాబు కోసం, రెండోసారి, సాయంత్రం 6.30" అని రాసి మరీ వెళ్ళాం. అది కూడా రూలు తప్పడమే, కాదనను. ఎవరికీ తెలియకుండా కాకుండా, ఎవరికి ఇబ్బందో వాళ్ళకి చెప్పి, వాళ్ళు వద్దంటే మానేద్దామనే వెళ్ళాం. అలా వెళ్ళింది మొత్తం మీద నాలుగుసార్లో ఐదుసార్లో. అంతకుముందు దొంగతనంగా వెళ్ళినప్పుడు ఒక్క వారంలోనే అన్నిసార్లు వెళ్ళాం. రాయాల్సి వచ్చేసరికి, నాకు తలనొప్పి అని రాయడానికి చెయ్యి రాలేదు.

బాబుకి ఆ కాగితం భలే నచ్చింది. నాలుగు కాగానే కిటికీ దగ్గర నిలబడి ఆవిడ వెళ్ళారా తిరిగొచ్చారా అని చూసేవాడు, ఆలస్యమైతే కంగారుపడేవాడు.

కిటికీల్లోంచి ఫోటోలు తీసి, ఫలానా వాళ్ళు రెండుసార్లు తిరిగారు అని పెట్టినవాళ్ళ గురించి కూడా ఒక మాట. ఆ ఇంట్లో ఏముందో మీకు తెలియదు. మతిమరుపు జబ్బున్న తండ్రిని ఇంట్లో ఉంచలేక తిప్పుతున్న కొడుకు కావచ్చు. అడగండి, ఫోన్ చేయండి, మా పెద్దావిడ చేసినట్టు. ఆవిడ నా ఫోటో తీసి పెట్టి ఉంటే నేను మొండికేసి రోజూ మూడుసార్లు దిగేదాన్నేమో.

ఇక అడగాల్సింది ప్రభుత్వాలనే. మళ్ళీ ఇలాంటి మహమ్మారి వచ్చేదాకా ఆగి, ఆ హడావిడిలో ఒక అంకె ప్రకటించడం కాకుండా ఇప్పుడే రాసిపెట్టండి. పిల్లలకి రోజుకి ఎంతసేపు, పెద్దవాళ్ళకీ జబ్బున్నవాళ్ళకీ ఏ గంటలు, ఒకే మెట్లూ లిఫ్టూ వాడుకునే ఇళ్ళవాళ్ళు వంతులు ఎలా వేసుకోవాలి, మూసేసిన బడి మైదానాలు ఏ వీధివాళ్ళకి ఏ రోజు తెరవాలి. ఎవరికి ఒక్కసారి చాలదో డాక్టరు ఫోన్‌లో మాట్లాడి చెప్పగలిగే ఏర్పాటు పెట్టండి. కుటుంబాల మనస్సాక్షికి వదిలేస్తే ఎవరి పిల్లవాడి ఏడుపు వాళ్ళకే వినపడుతుంది, మొదటి అంతస్తులో తలుపు వెనక ఎవరు నిలబడ్డారో వినపడదు. ఆ మినహాయింపు ఎక్కడైనా రాసి ఉంటే, లేదా దాన్ని అడగాలన్న తెలివి నాకు మొదటి వారంలోనే వచ్చి ఉంటే, ఎనిమిదేళ్ళ పిల్లవాడికి మెట్ల మీద ఆ మాట నేర్పేదాన్ని కాదు.

ఇట్లు
ఒక పాఠకురాలు