ఏ జాబితా, ఏ సెక్షన్?

సంపాదకుడికి,

మావోయిస్టు పార్టీని 'అంతర్జాతీయ చట్టం ప్రకారం ఉగ్రవాద సంస్థ' అనడం చర్చల్లో వినిపిస్తుంటుంది. అది సరికాదు. ఉగ్రవాదానికి అన్ని దేశాలూ ఒప్పుకున్న నిర్వచనమే ఇంతవరకు లేదు. సమగ్ర ఒప్పందం ముసాయిదాను 1996లో ఐరాస ముందు పెట్టింది మన దేశమే. విముక్తి పోరాటాలను, ప్రభుత్వ సైన్యాలను ఏ గాటన కట్టాలన్న దగ్గర అది ఆగిపోయింది.

ఉన్నవల్లా జాబితాలు. భద్రతామండలి 1267 తీర్మానం కింద నడిచే జాబితా అల్‌ఖైదా, ఐఎస్‌లతో ముడిపడ్డవాళ్లది. అందులో పేరెక్కాలంటే మండలిలోని 15 దేశాల్లో ఒక్కటీ అడ్డు చెప్పకూడదు. చైనా పట్టు సడలించాకే, 2019 మే 1న, జైషే మహ్మద్ అధినేత మసూద్ అజర్ పేరు ఎక్కింది. 2001 నాటి 1373 తీర్మానం ఉగ్రవాదుల నిధులు స్తంభింపజేయమంది గానీ, ఉగ్రవాది ఎవరన్నది తేల్చే పని ఆయా దేశాలకే వదిలింది.

సీపీఐ (మావోయిస్టు) ఉన్నది మన ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే ఉగ్రవాద సంస్థల జాబితాలో. 2009 జూన్ 22న చేర్చారు. సెక్షన్ 3 కింద సంఘాన్ని నిషేధిస్తే హైకోర్టు జడ్జి ఉండే ట్రిబ్యునల్ ఆరు నెలల్లో తేల్చాలి, నిషేధానికి ఐదేళ్ల గడువుంటుంది. సెక్షన్ 35 కింద షెడ్యూల్లో చేరిస్తే ట్రిబ్యునలూ లేదు, గడువూ లేదు. పేరు తీసేయమని చేర్చిన కేంద్రానికే దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ కాదంటే నెలలోపు రివ్యూ కమిటీకి వెళ్లాలి.

మహారాష్ట్రలోని సిరోంచలోనైనా ఒడిశాలోని మల్కన్‌గిరిలోనైనా ఊరివాళ్లకు దీనితో పని పడేది మావోయిస్టులు రాత్రిపూట తుపాకీతో వచ్చి అన్నం వండమన్నప్పుడు. సెక్షన్ 19 వర్తించాలంటే తెలిసి, ఇష్టపూర్వకంగా ఆశ్రయమిచ్చి ఉండాలి. శిక్ష మూడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఉగ్రవాద సంస్థకు మద్దతివ్వడం గురించి చెప్పే సెక్షన్ 39కి ఆ సంస్థ పనిని ముందుకు నడిపే ఉద్దేశం ఉండాలి. భయంతో వండిపెట్టిన అన్నంలో ఆ ఇష్టమూ ఉండదు, ఆ ఉద్దేశమూ ఉండదు. కానీ అది తేలేది విచారణలో. ఈలోగా ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే చాలు, అదే చట్టంలోని సెక్షన్ 43డి(5) బెయిల్‌కు అడ్డం. ఎఫ్‌ఐఆర్‌లో 'సహకరించాడు' అని రాసి బెదిరింపు సంగతి వదిలేస్తే ఆ మనిషి ఏళ్లు జైల్లో గడపాల్సి రావచ్చు. అందుకే బెదిరింపు జరిగిన తీరు మొదటి వాంగ్మూలంలోనే రాయించాలి. తర్వాత చెబితే కట్టుకథ అంటారు.

వైద్యం విషయం ఇంకా అస్పష్టం. ఆంక్షల వల్ల మానవతా సాయం ఆగకూడదని 2022 డిసెంబరులో భద్రతామండలి 2664 తీర్మానం చేస్తే, ఉగ్రవాదులు ఆ సందు వాడుకుంటారని మన దేశం ఒక్కటే ఓటింగుకు దూరంగా ఉంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. అయినా గాయపడ్డవాడికి కట్టు కట్టిన ఏఎన్‌ఎంను ఆ లెక్కలో వేయలేం. వృత్తిధర్మంగా చేసిన వైద్యం సెక్షన్ 39 కిందికి రాదని కేంద్ర హోంశాఖ వివరణ ఇచ్చి, దాన్ని మరాఠీ, ఒడియా, తెలుగు, గోండి, కోయ భాషల్లో ఠాణాల్లోనూ పీహెచ్‌సీల్లోనూ అంటించాలి.

— ఒక న్యాయవాది, సిరోంచ, గడ్చిరోలి జిల్లా