స్టీరింగ్ పగులును కవరు కింద దాచవద్దు

సంపాదకులకు,

అయ్యా,

పాత వాహనాల సంరక్షణ గురించి రాసేవారు ఇంజను, బ్రేకులు, టైర్ల గురించి ఎంతో చెబుతారు గాని, బండి నడిపినంతసేపూ చేతుల్లోనే ఉండే స్టీరింగ్ చక్రాన్ని పట్టించుకోరు. అది అరిగి, అరచేతులకు నల్లగా జిగురు అంటుతున్నా చాలామంది పైన కవరు తొడిగి ఊరుకుంటారు. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. ఒకనాడు మలుపులో ఆ కవరు రిమ్ము మీద జారి, చేతులు తిరిగినంత చక్రం తిరగలేదు. ఇంటికి రాగానే కవరు కోసి చూస్తే, స్పోకు రిమ్ముతో కలిసే చోట గోరు దూరేంత పగులు, దాని అడుగున ఎర్రటి తుప్పు కనిపించాయి.

పాత చక్రాలకు లోపల ఉక్కు చట్రం, దానిపైన గట్టి రబ్బరు లేదా ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఎండకూ వేడికీ ఏళ్ల తరబడి ఆ పొర కుంచించుకుపోతుంది, ఉక్కు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పగుళ్లు ముందుగా స్పోకుల దగ్గరే పుడతాయి. చట్రం వంగినా, అతుకు విడిపోయినా, తుప్పు లోహాన్ని తినేసినా చక్రం మార్చవలసిందే. చట్రం దృఢంగా ఉంటే మాత్రం పైపొరను నిశ్చింతగా బాగుచేసుకోవచ్చు.

పగులును పైపైన పూడిస్తే నిలవదు. దాన్ని ఆకురాయితో 'వి' ఆకారంలో వెడల్పు చేసి, తుప్పు గీకి, జిడ్డు పూర్తిగా తుడిచి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ముద్దను ఉపరితలం కంటే కాస్త ఎత్తుగా నింపాలి. డెంటింగ్ పనిలో వాడే లప్పం ఇక్కడ పనికిరాదు, చేతి ఒత్తిడికి మళ్లీ పగులుతుంది. కనీసం 24 గంటలు గట్టిపడనిచ్చి, 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400 దాకా రుద్ది, అతుకు వేలికి తగలనప్పుడే ప్రైమరు, ఆపైన రంగు వేయాలి. అంతకుముందు మెరుపు కోసం సిలికాన్ ద్రవం పూసి ఉంటే దాన్ని ఆసాంతం కడగకపోతే రంగు అంటదు. తోలు చక్రమైతే పాత తోలు విప్పి, కొత్తది బిగుతుగా చేతికుట్టు వేయించడం మేలు.

చక్రం ఊడదీసేటప్పుడు ముందు టైర్లను తిన్నగా ఉంచి, స్టీరింగ్ చక్రానికీ అది బిగించి ఉండే కడ్డీకీ కలిపి ఒక గీత గీసుకోవాలి. నట్టును వదులు చేసి రెండు మూడు చుట్లు మిగిల్చి పుల్లరు అనే ఊడదీసే పనిముట్టుతో లాగాలి. లేకపోతే చక్రం ఒక్కసారిగా ఊడి మొహానికి తగులుతుంది. సుత్తితో కొట్టడం అసలు వద్దు, ప్రమాదంలో కుంగి మనను కాపాడేలా తయారుచేసిన స్టీరింగ్ కాలమ్ ఆ దెబ్బలకు చెడిపోతుంది.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న చక్రాన్ని మాత్రం ఇంట్లో విప్పకూడదు. బ్యాటరీ తీగ తీసిన తరువాత కూడా ఆ వ్యవస్థలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. కాబట్టి ఆ పని తెలిసిన మెకానిక్కుకే అప్పగించాలి. దాని మధ్య మూతకు పగులు వస్తే అతికించడం, రంగు వేయడం కూడా ప్రమాదకరమే, ఎందుకంటే సంచి విచ్చుకునే వేళ ఆ మూత నిర్ణీత గీతల వెంబడే చీలాలి.

మీ వాహనాల పేజీలో ఈ విషయాన్ని బొమ్మలతో వివరంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. సర్వీసింగుకు వచ్చిన ప్రతి పాత బండికీ స్టీరింగ్ కవరు తీసి ఒకసారి చూడవలసిందిగా మెకానిక్కు సోదరులకూ నా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు